కెహిందే గోడకెక్కిన వైనం

కూర్చున్నవారు కదలకుడు! నిలుచున్నవారు చతికిలబడుడు! పొయ్యిమీద పాలు పెట్టి వచ్చినవారు మాత్రం పోయి దింపి రండు. ఏలయన ఇది మధ్యలో లేవనిచ్చే కథ కాదు.

సహారా మహామరుభూమి గర్భమున జనించి, ఒంటెల వీపులమీదుగా పొర్లి, ఊళ్ళకు ఊళ్ళ పెదవులు పగులగొట్టి, ఆరవేసిన తెల్లబట్టలన్నిటికీ అడుగకుండానే గోధుమవన్నె అద్ది వచ్చు హర్మట్టన్ అను ధూళిమారుతము దశదిశలను ఆక్రమించియున్న ఒకానొక జనవరి ప్రొద్దుట, తుప్పు పట్టిన రేకుల పైకప్పులు ఎర్రసముద్రమువలె అలలెత్తు ఇబాదాన్ మహానగరమందు, ఓజే అంగడికి కూతవేటు దూరమున, ఇయా ఇబెజీ, అనగా కవలల తల్లి, అని వీధివీధంతా పిలుచుకొను వృద్ధమాత గృహమున, ముందుగది పడమటి గోడ యెదుట, ఒక చేత సుత్తియు, ఒక చేత మేకులును ధరించి, మరికొన్ని మేకులు నోట కరచి, కుడిచెవిమీదికి వాల్చిన టోపీతో, సూదిదారప్రచండుడు, అమాలాముద్దల పాలిటి భీమసేనుడు, నగరమున సగం నెత్తులకు టోపీలు కుట్టిన కెహిందే మహావీరుడు నిలుచుండెను.

నిలుచుండెనే గాని, నోట మేకులుండుటచేత వీరాలాపములు పలుకలేకపోయెను. ఆ ఇంటికి అంతమాత్రం ప్రశాంతత దొరకడమే గగనం.

ఇక ఆ గోడ మహిమ వినుడు. అది ఉత్త గోడ కాదు, వంశసింహాసనం. ఆ సీమలో ఫోటోలు కంటికెదురుగా పెట్టరు. మెడ నొప్పెట్టేంత ఎత్తున, చూరు కిందుగా, ముందుకు వంచి వేలాడదీస్తారు. కింద కూర్చున్నవాడు పళ్ళెంలో ఏమి వదిలేశాడో పైనున్న పెద్దలు వంగి చూస్తున్నట్టుంటుంది. అందరికన్నా పైన తాతగారు. ఆయన కింద రైల్వే టోపీతో నాన్నగారు. ఆ కింద కవలలు. అట్టడుగున చెల్లెలు. పెద్దవాడు పైన, చిన్నవాడు కింద. ఇందులో జానెడు తేడా వచ్చిందా, వంశగౌరవం కూలి మంచం కిందకు పోయినట్టే.

మన వీరుని గుండెలో ఏళ్ళ తరబడి దిగబడియున్న ములుకు అదే. ఆ జానెడు.

అక్కడ కవలలకు పేర్లు వెదికే శ్రమ లేదు. ముందు పుట్టినవాడు తైవో, వెనక పుట్టినవాడు కెహిందే. అయితే ముందు పుట్టినవాడు పెద్దవాడనుకొంటిరా, పప్పులో కాలు వేసితిరి! "ఒరేయ్, నువ్వు ముందు పోయి లోకం ఎలా ఉందో రుచి చూసి రా" అని లోపలినుంచి పంపినవాడు కెహిందే. మాట విని పోయినవాడు తైవో. పెద్దలు పనులు చేయుదురా, చేయింతురు గాని! కావున వెనక వచ్చినవాడే అన్న. ఇది అక్కడ పాలుతాగే పిల్లలకు సైతం తెలిసిన ధర్మం.

తెలియనిదల్లా ఒక రాయికి. పూర్వం నాన్నగారు ఊగులాడే ముక్కాలిపీట మీద నిలబడి ఈ ఫోటోలు తగిలించినప్పుడు, చేతికి ముందు దొరికిన తైవో ఫోటోకు మేకు పైన సుళువుగా దిగింది. కెహిందే మేకు దగ్గరికి వచ్చేసరికి గోడలో రాయి అడ్డం పడింది. మేకు మీద మేకు వంగిపోయింది. నాన్నగారు రైలుకు టైమైందని, జానెడు కిందగా కొట్టేసి, టోపీ పెట్టుకొని వెళ్ళిపోయారు. ఆ విధముగా ఒక రాయి మూలాన అన్న తమ్ముడయ్యెను.

అదియేమి ఫోటో! ఐదేళ్ళ బాలకెహిందే, టోపీ కుడికి వాల్చి, రెప్ప వేయక, లోకాన్ని ఉరిమి చూస్తున్న ఫోటో. అచ్చం అలాంటిదే, టోపీ ఎడమకు వాలినది తైవోది. పోలికలు ఒకటే గనుక గుర్తు టోపీయే. "నల్లగుడ్డలోంచి పెద్ద కన్ను బయటికొస్తే తైవోగాడు గుడ్లు తేలేశాడు. నేనా, రెప్ప కొట్టలేదు" అని మన వీరుడు తన దుకాణానికి టోపీ కొలతకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఇష్టం లేనివాడికి రెండుసార్లు చెప్పాడు.

ఇప్పుడు ఈ గోడకు నూతన పట్టాభిషేకం చేయవలసి వచ్చిన కారణం చెల్లెలు ఇదోవు. కవలల తర్వాత పుట్టిన బిడ్డకు ఆ పేరే పెడతారు, ఆ పేరున్నవారు మహా మొండిఘటాలని చెబుతారు. ఈమె ఆ పేరు నిలబెట్టింది. అమ్మ కళ్ళకు పొర కమ్మి ఏళ్ళయింది. గోడ ఆవిడకు ఉత్త మంచు. ఆసుపత్రిలో పొర తీశారు, కట్టు విప్పారు, ఇవాళ ఇంటికి తెస్తున్నారు. "అమ్మ చూడబోయే మొదటి గోడ సాలెగూళ్ళతో ఉంటే మీ ఇద్దరినీ కలిపి ఉతుకుతాను" అని ఇదోవు ఆజ్ఞాపించగా, ఫోటోలు దిగెను. వాని వెనకనుండి బల్లులు దిగెను. బల్లిని చూసి కెహిందే అంతకంటె ముందు దిగెను. గోడకు పసుపురంగు పడెను. తాతగారు, నాన్నగారు మరల తమ తమ స్థానముల నలంకరించిరి.

మిగిలినది కవలల వంతు. కెహిందే కోరిక చాలా చిన్నది. అమ్మ కొత్త కళ్ళతో తల ఎత్తి చూసే తొలి చూపులో, తను ఉండవలసిన చోట తను ఉండాలి. పై మేకున. అంతే.

అంతలో గుమ్మమున ధూళి రేగెను. బతుకంతా బస్సు నడిపి, దిగిన తర్వాత కూడా హారన్‌లా మాట్లాడు తైవో ప్రవేశించెను.

"ఏరా తమ్ముడూ! గోడకి నువ్వు కాపలానా, నీకు గోడ కాపలానా?"

కెహిందే మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మెను. "ఎవడ్రా నీకు తమ్ముడు? అన్నయ్యా అను. బోర్లా పడి దణ్ణం పెట్టు. ఆ తర్వాత నిచ్చెన పట్టుకో."

"నేను బయటికొచ్చి ఊపిరి పీల్చి, ఏడ్చి, స్నానం కూడా చేయించుకున్నాక గదరా నువ్వు ఊడిపడ్డావు! ముందొచ్చినవాడిది ముందు సీటు. బస్సు నడిపినోణ్ణి, నాకు చెప్తావేంట్రా వరసలు?"

"బస్సు సంగతే చెప్పుకుందాం. బండాగితే ముందు దూకేవాడెవడ్రా? క్లీనరు! దూకి, దారి బాగుందో లేదో చూసి, రేకు మీద దబదబా బాదుతాడు. వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని నిదానంగా దిగేవాడు ఓనరు. నువ్వు నా క్లీనరువిరా!"

ఈ వాక్శూలము తైవో వక్షమున నాటుకొనెను. అతడు ఒక క్షణము తూలి, తేరుకొనెను.

"అట్టాగా! మరి ఆ క్లీనరు రేకు బాదకపోతే ఓనరుగారు ఇవాళ్టికీ లోపలే ముడుచుకుని ఉండేవారు."

వంటింటినుండి గరిటె ఒకటి బయటికి వచ్చెను. దాని వెనక ఇదోవు వచ్చెను. ఆమె మహా రాజనీతిజ్ఞురాలు. ఇద్దరినీ అన్నయ్యా అనే పిలిచి, పెద్ద అనిగాని చిన్న అనిగాని పుట్టిన దగ్గర్నుంచీ నోట రానిచ్చినది కాదు.

"అన్నయ్యా, నువ్వు నోరుముయ్. అన్నయ్యా, నువ్వు కూడా. మీలో ఎవరు ముందొచ్చారో నాకు తెలీదు గాని, మీ వెనక నేనొచ్చింది మిమ్మల్ని తన్నడానికే. అమ్మ దార్లో ఉంది. నేను లోపల బొబ్బర్లు కలుపుకోవాలి. కవలలున్న ఇల్లని పండగపూటా బొబ్బర్లే, నాకు కడుపుబ్బరం. ఏదో ఒకటి తగిలించి చావండి!"

గరిటె నిష్క్రమించెను. యుద్ధము మొదలయ్యెను.

ఆ నిచ్చెనకు రెండువైపులా మెట్లుండెను. అది విధివిలాసం. ఒకవైపునుండి కెహిందే, కుడిటోపీ ఫ్రేమును చంకనిడుకొని, మోకాళ్ళు కటకటలాడ, మేరుశిఖరారోహణము చేయు ఏనుగువలె ఎక్కెను. రెండవవైపునుండి తైవో, ఎడమటోపీ ఫ్రేమును డాలుగా ధరించి, మెట్టుకొకసారి ఆగి నడుము పట్టుకొనుచు ఎక్కెను. శిఖరాగ్రమున నుదురు నుదురు తాకెను. ఒకే ముఖము రెండు అద్దములలో తన్నుకొనుచున్నట్లుండెను. టోపీకి టోపీ, ముక్కుకు ముక్కు, ఆయాసానికి ఆయాసం! కెహిందే ఫ్రేమును మేకుకు తగిలింపబోగా, తైవో మోచేత దానిని నివారించెను. తైవో ఫ్రేమును తగిలింపబోగా, కెహిందే గడ్డముతో దానిని వెనుకకు నెట్టెను. నిచ్చెన భూకంపమందు తాటిచెట్టువలె ఊగెను. కింద రంగుడబ్బా పొర్లి, కొత్త గచ్చుమీద పసుపుటేరు పారెను.

"వదలరా!"

"నువ్వొదలరా!"

"పడితే ఇద్దరం పడతాం రోయ్!"

"పడు. ముందు నువ్వు పడు. ముందు పోవడం నీకలవాటేగా!"

సరిగ్గా అప్పుడు గుమ్మమున టాక్సీ ఆగినది. నల్లకళ్ళద్దాలతో, ఇండిగో రంగు చుట్టుబట్టతో, చేతికర్ర ఆనించుకుంటూ ఇయా ఇబెజీ లోపలికి అడుగుపెట్టినది. అద్దాలు పైకెత్తినది. గోడను చూసినది.

"ఈ పసుపేమిటే ఇదోవూ! ఎండలో పెట్టిన ఆమ్లెట్టులా ఉంది" అన్నది ముందు.

తర్వాత ఆమె చూపు పైకి పోయినది. నిచ్చెన కొసన, ఒకే మేకుమీద చెరొక ఫ్రేమూ ఆనించి, ఊపిరి బిగబట్టి బొమ్మల్లా నిలిచిపోయిన ఇద్దరు ముసలి కొడుకులు కనిపించారు. ఫ్రేములవంక చూసినది. మళ్ళీ చూసినది. బోసినోరు విప్పి నవ్వినది.

"అక్కడున్నది ఒక్క తైవోగాడే గదరా. వాడి కోసం ఇద్దరూ ఎందుకు తన్నుకుంటున్నారు?"

"కొత్త కళ్ళు గదమ్మా, సరిగ్గా ఆనలేదు" అన్నాడు కెహిందే పైనుంచి. "ఇదుగో, కుడిటోపీ నేను. ఎడమటోపీ వీడు."

"కళ్ళు ఇప్పుడే సరిగ్గా ఆనాయిరా నాయనా. రెండూ తైవోవే."

ఆ పలుకు విని హర్మట్టన్ సైతం కిటికీ దగ్గర ఆగెను.

అమ్మ కుర్చీలో కూలబడినది. "ఫోటోల రోజున నీకు గవదబిళ్ళలు. బుగ్గ బట్టీలో రొట్టెలా పొంగింది. మీ నాన్నేమో పండక్కి రైలు దిగేసరికి ఇద్దరి ఫోటోలూ ఫ్రేము కట్టి సిద్ధంగా ఉండాలని హుకుం. స్టూడియో బాబా మర్నాడే ఊరొదిలి పోతున్నాడు. 'కవలల్లో ఒకడు పోతే ఉన్నవాడినే రెండుసార్లు కూచోబెట్టి ఇద్దరిలా తీస్తాం గదమ్మా, అట్టా కానిచ్చేద్దాం' అన్నాడు. నా బుద్ధి గడ్డి తిని సరే అన్నాను. ఇంటికొచ్చాక గుండె ఝల్లుమంది. బతికున్న బిడ్డకి పోయిన బిడ్డకి చేసే పని చేశానే అని! పైకి చెబితే ఎక్కడ నిజమవుద్దోనని నోరు కుట్టేసుకున్నా. మీ నాన్నక్కూడా చెప్పలా. తర్వాత మీరు ఆ ఫోటోల కోసం రోజూ కొట్టుకుంటుంటే, కొట్టుకుంటున్నారంటే ఇద్దరూ ఉన్నట్టేగా అని ఊరుకున్నా."

"నాకు గుర్తుందే అమ్మా! నల్లగుడ్డ, పెద్ద కన్ను, నేను రెప్ప కొట్టకుండా..."

"అది తైవోగాడు వచ్చి నీ మంచం పక్కన కూచుని చెప్పిన కథ. రెప్ప కొట్టనివాడు వాడే. నువ్వా పొద్దు మందు తాగనని ఇల్లెగరగొట్టావు."

తైవో ముఖమున ఏదో వెలిగెను. "అందుకా! బాబా రెండోసారి టోపీ సర్ది, రెండో పొట్లం చిన్‌చిన్ ఇచ్చాడు. ఇది ఇంటి దగ్గరున్నవాడికి అన్నాడు. నేను దారిలోనే నమిలేశా." వెంటనే లెక్క తేలి, ఒక్కుమ్మడిగా కేకవేసెను. "అయితే పైనా నేనే, కిందా నేనే! గోడంతా నేనే! మొత్తం బస్సే నాది!"

అని నిచ్చెనమీదనే నడుము తిప్పబోయి, ఎదుట ఖాళీ చూసి ఆగిపోయెను. కెహిందే దిగిపోతున్నాడు. మెట్టు మెట్టుకూ ఒక రాజ్యం పోగొట్టుకొన్నవానివలె దిగి, కుడిటోపీ ఫ్రేమును అమ్మ పక్కన బల్లమీద జాగ్రత్తగా పెట్టి, పెరటి దారి పట్టినాడు.

అక్కడ బొబ్బర్ల కుండ పొయ్యిదింపి ఉంది. దాని పక్కన పీటమీద కూర్చొని, తలమీది టోపీ తీసి మోకాలికి పెట్టుకొన్నాడు. పైనా, కిందా అని ఇన్నేళ్ళు పోరాడినవాడు అసలు గోడమీదనే లేడు! ఆ ఫోటోలో కుడికి వాలింది గదా అని బతుకంతా కుడికి వాల్చుకొన్నాడు. అది కూడా తనది కాదు. నగరమున సగం నెత్తులకు టోపీ ఎటు వాల్చాలో చెప్పినవాడు, ఇప్పుడు తన టోపీ పట్టుకొని ఎటు పెట్టుకోవాలో తెలియక దానిని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

తైవో వచ్చెను. పక్కన చతికిలబడెను. కుండలోంచి ఒక గుప్పెడు బొబ్బర్లు నోట వేసుకొనెను.

"ఒరేయ్."

కెహిందే టోపీని తిప్పుతూనే ఉన్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ!"

ఆ పిలుపుకు తిట్టు రాకపోవడం తైవో జీవితంలో అదే మొదటిసారి. అతనికి భయం వేసింది. అటు చూశాడు, ఇటు చూశాడు, ఇదోవు గరిటె దరిదాపుల్లో లేదని నిర్ధారణ చేసుకొని, చాలా చిన్న గొంతుతో అన్నాడు.

"అన్నయ్యా."

కెహిందే తల ఇటు తిప్పాడు. "ఏమన్నావు?"

"ఒకసారే అంటా. వినపడకపోతే నాకు సంబంధం లేదు. అమ్మ పిలుస్తోంది, లే."

కెహిందే టోపీ అంచుమీది ధూళి దులిపాడు. అతని మీసాలకింద ఏదో కదిలింది.

"అవున్లే. నేనే పంపుంటాను. నాకు ఒంట్లో బాగాలేదు, నువ్వు పోయి ముందు కూచో, ఆ పెట్టె కరుస్తుందో లేదో చూసి రా అని. అన్న పంపాడు, తమ్ముడు పోయాడు. ధర్మం ధర్మంగానే జరిగింది."

"ఓరి నీ! అప్పుడు నన్ను పంపి, ముసలాడివై ఇప్పుడొస్తున్నావా?"

"తొందరేముందిరా? ఓనర్లు నిదానంగా దిగుతారు."

ఇద్దరూ లోపలికి నడిచిరి. అమ్మ కెహిందేను కుర్చీ దగ్గరికి రమ్మని, మొహం రెండు చేతులా పట్టుకొని, చాలాకాలానికి దొరికిన వస్తువులా అటూ ఇటూ తిప్పి చూసింది. అతని చేతిలో టోపీ లాక్కొని నెత్తిన పెట్టి, కుడిచెవిమీదికి ఒక్క గుంజు గుంజింది.

"అమ్మా, అది నాది కాదుగా, ఫోటోలో వాడిదిగా" అన్నాడతడు.

"నీదేరా వెర్రినాగన్నా. నీకు వాచింది కుడిబుగ్గ. అది కనపడకుండా నేనే టోపీ అటు లాగేదాన్ని. రెండో ఫోటోకి వాడి టోపీ కుడికి లాగమని బాబాకి చెప్పింది కూడా నేనే, కనీసం టోపీ అయినా నువ్వుండాలని."

కెహిందే గట్టిగా ముక్కు చీదెను. ఇదంతా ధూళివల్లనేనని మనవి.

తదనంతరము ఇదోవు తన ఫోనను బ్రహ్మాస్త్రమును సంధించెను. ఆహా! సుత్తికి జంకనివాడు, నిచ్చెనకు జంకనివాడు, బల్లికి మాత్రమే జంకినవాడు, ఆ ఫోను కంటి యెదుట ఎంత నిగ్రహించుకొన్నను టప్పున రెప్ప కొట్టెను. మరల తీయగా మరల కొట్టెను. "కళ్ళు తెరువు అన్నయ్యా!" అన్న కొద్దీ మూతపడెను. "రెప్ప కొట్టని మహావీరుడు!" అని తైవో వెనకనుండి చప్పట్లు కొట్టెను. తుదకు "నువ్వు ఊరుకోరా" అని తిట్టుటకై కెహిందే నోరు తెరిచిన క్షణమున ఒక కన్ను పూర్తిగాను, ఒక కన్ను సగమును తెరుచుకొనగా, అదియే చాలునని ఇదోవు కూడలి దుకాణమునకు పరుగెత్తి అచ్చు వేయించెను. ఫ్రేము లేకపోగా, తన కుట్టుబడి సర్టిఫికెట్టును దులిపి బయటికి లాగి, ఆ ఫ్రేమును దానమిచ్చెను. త్యాగధనురాలు! నెలరోజులు ఆ మాట దెప్పుటయు మానలేదు.

ఇక మేకు. పాత ఫోటోలు రెండూ నాన్నగారు పెట్టిన చోటనే మరల వేలాడెను. వాటికి పైన, నాన్నగారికి దిగువన, కొత్త మేకు దిగవలసియున్నది. నిచ్చెనను కెహిందే పట్టుకొనెను. సుత్తి ఎత్తినవాడు తైవో. మొదటి మేకు వంగి నేలకొరిగెను. రెండవది నడుము విరిగి పసుపుటేటిలో మునిగెను. ఎందరో మేకువీరులు అట్లే వీరస్వర్గమలంకరించిరి. ఆ పాత రాయి! నాన్నగారిని ధిక్కరించిన రాయి! తైవో చెమటలు కక్కుచు, "నా అన్నకి అడ్డమొస్తావంటే పగిలిపోతావ్!" అని గర్జించి, రెండోసారి అన్నాననే స్పృహ కూడా లేక, చరమఘాతము వేసెను. గోడ మూలిగెను. పిడికెడు పెచ్చుతోసహా ఆ రాయి ఊడి, కింద కెహిందే టోపీమీద పడి, దొర్లి అతని అరచేతిలో ఆగెను. చూడబోతే రేగుపండంత కూడా లేదు. ఆ గుంటమీది అంచున మేకు సుతారంగా దిగెను.

ఫ్రేము ఎక్కెను. ఒక కన్ను సగం మూసి, ఎవరినో తిడుతూ, టోపీ కుడికి వాల్చి, కెహిందే గోడకెక్కెను. కింద రెండు ఫ్రేములలో ఇద్దరు తైవోలు రెప్ప వేయక చూస్తుండిరి.

"నాకు రెండు, నీకొకటి. గుర్తుపెట్టుకో" అన్నాడు తైవో నిచ్చెనమీదనుంచి.

"మంచిదేగా" అన్నాడు కెహిందే రాయిని జేబులో వేసుకుంటూ. "పైనొక అన్న, కింద ఇద్దరు తమ్ముళ్ళు. ఒకడు చెప్పినమాట వినకపోతే రెండోవాణ్ణి పంపుతా."

అమ్మ కింద కూర్చొని, మెడ వెనక్కి వాల్చి, పైవరసనుండి అడుగువరస దాకా ఒక్కొక్కరినీ చూసుకొన్నది. ఇద్దరూ ఉన్నారు. తర్వాత బొబ్బర్లు వడ్డించమన్నది.

కావున దిక్కులు దద్దరిల్ల చాటుడు! టోపీకుట్టు కెహిందే, రాయిని జయించి, రెప్పలచేత ఓడి, తన తమ్ముడికంటె సరిగ్గా ఆ జానెడు పైకెక్కి, ఆ సామ్రాజ్యమును ఏలుచున్నాడు. ఈ కథ విన్నవారి మేకులు వంగకుండుగాక. ఫోటోలలో కన్నులు మూతపడకుండుగాక. వినకుండా మధ్యలో లేచిపోయినవారి ఫ్రేములు మాత్రం, ఎన్నిసార్లు సరిచేసినా, కాస్త ఎడమకే వాలుగాక!